పక్క సీట్లో మా అత్త

బండి బెంగుళూరు నుంచి లారీలో వచ్చింది. దాన్ని నేలమీదికి దించడానికే సగం పూట పట్టింది. మా కల్లం పక్కనున్న మట్టిదిబ్బకు లారీ వెనకభాగాన్ని ఆనించి, రెండు మందపు పలకలు వేసి, షోరూం నుంచి వచ్చిన ముసలి మెకానిక్కు దాన్ని మెల్లగా దించాడు. మా అత్త అరుగు మీద కూర్చుని అంతా చూసింది. బండి వచ్చి ఇంటి ముందర ఆగినాక అడిగింది.

“మే, దీనికి తలుపులు యాడ?”

“ఉండవత్తా.”

“అద్దాలు?”

“అవీ ఉండవు.”

“తలుపుల్లేవు, అద్దాల్లేవు. ఇంకేమిచ్చినట్ల వాళ్ళు?”

మెకానిక్కు నవ్వాపుకున్నాడు. ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. పక్కపక్కన రెండు సీట్లు, కారుకున్నట్టు స్టీరింగు, తలమీద ఇనపకడ్డీల పంజరం, వెనక చిన్న తొట్టి, మోకాటి ఎత్తు చక్రాలు. ఉన్నదంతా అదే. షోరూంవాళ్ళు సైడ్ బై సైడ్ అంటారు. మా ఊళ్ళో కొందరు కొండజీపు అన్నారు, కొందరు తొట్టికారు అన్నారు. తారురోడ్డు ఎక్కించకూడదని షోరూంలో ముందే చెప్పారు. మా పెరట్లోంచి తోటదాకా బండ్లదోవే కాబట్టి నాకు ఆ చింత లేదు.

మాది చీనీ తోట, కోస్తావాళ్ళు బత్తాయి అంటారే అది. ఎండిన వాగులాంటి వంక ఒకటి దాటినాక మిట్ట మీద ఉంటుంది. మా ఆయన ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, ఆదివారాలు ఇంటికొస్తాడు. కాబట్టి తోట నాది. రోజూ డ్రిప్పు వాల్వులు తిప్పడానికి రెండుసార్లు పోవాలి. పోయినేడు స్కూటీ మీద వంకలోకి దిగుతూ గులకరాళ్ళలో జారి పడ్డాను. మణికట్టు విరిగింది. కట్టుతో కూర్చున్న ఆ రెండు నెలల్లో ఒక సంగతి మాటిమాటికీ గుర్తొచ్చింది. అంతకుముందు అనంతపురం పక్క ఒక దానిమ్మ తోట చూడ్డానికి రైతులమంతా బస్సులో పోయినప్పుడు, ఆ తోట యజమాని ఇలాంటి బండిలో రాళ్ళగుట్ట మీదికి ఎక్కిపోవడం చూశాను. చెయ్యి బాగైతే అది కొనాలని అప్పుడే అనుకున్నాను.

“స్కూటీనే సరిగా తోలలేకపోయినావు. ఇదెట్ల తోలుతావు?” అన్నాడు మా ఆయన.

“రెండు చక్రాలుండబట్టే పడినా. నాలుగుంటే ఎట్ల పడతా?”

ఆయన ఇంకో నాలుగు వారాలు ఏవేవో అన్నాడు. నేను చీనీకాయలు కోయించి, అమ్మి, బండి తెప్పించాను.

మెకానిక్కు ఒక పూట నేర్పించి పోయాడు. క్లచ్చు లేదు. ఒకటి నొక్కితే పోతుంది, ఇంకొకటి నొక్కితే ఆగుతుంది. మొదటి వారం ఇంజనును తొందరపెట్టొద్దన్నాడు. మరుసటి రోజు నేనొక్కదాన్నే వంకలోకి దిగాను. స్కూటీ జారిన చోటే ముందు చక్రాలు దిగుతుంటే స్టీరింగును గట్టిగా పట్టుకున్నాను. బండి మాత్రం రాళ్ళమీద ఒక్కో చక్రాన్నీ వేరేగా పెడుతూ, ఎనుము నీళ్ళలోకి దిగినంత నిదానంగా దిగి, అవతల ఎక్కింది. నాకు ఎవరికైనా చెప్పాలనిపించింది. చుట్టూ చూస్తే మనిషి లేడు.

దుమ్ము సంగతి నాకెవరూ చెప్పలేదు. ముందు అద్దం లేదు కదా, తోట చేరేసరికి నా కనుబొమ్మలు ఎర్రగా అయిపోయాయి, పళ్ళ మధ్య ఇసుక. కూలికొచ్చే ఆడవాళ్ళు చీరమీద మగవాళ్ళ చొక్కా ఎందుకు వేసుకుంటారో అప్పుడు బాగా తెలిసింది. ఆ రోజు నుంచి మా ఆయన పాత చొక్కా ఒకటి నాదైంది. రెండో రోజు మిట్ట ఎక్కుతుంటే కాలిన రబ్బరు వాసన వచ్చింది. భయపడి మెకానిక్కుకు ఫోను చేశాను. “ఎత్తుకు ఎక్కేటప్పుడు ‘లో’ గేరులో పెట్టాలమ్మా. లేకుంటే ఇంజను బెల్టు కాలుతుంది” అన్నాడు.

మూడో రోజు ఇంకా గొప్పగా జరిగింది. తోట చూసుకునే ఆయనా నేనూ మిట్ట కింది వరసల్లో మిగిలిన కాయలు కోసి, పైన కుప్ప వేయడానికి తొట్టిలో నింపాము. వెనక పలకకు గడియ పెట్టడం మరిచిపోయాను. మిట్ట మీద సగం ఎక్కేసరికి వెనక దడదడమని చప్పుడు. తిరిగి చూస్తే కాయలన్నీ వాలులో దొర్లుకుంటూ వంకలోకి పోతున్నాయి. కింద గొర్లు కాసే ఆయన జీవాలు తలలెత్తి చూశాయి. తోటాయన నావైపు చూడకుండా, “అక్కా, కోసిన కాయల్నే మళ్ళా ఏరాల” అన్నాడు. పొద్దెక్కేదాకా ఇద్దరం ఏరాము. గొర్లు తిన్నవి గొర్లు తిన్నాయి.

ఆ వారమంతా మా అత్త అరుగు మీద నుంచి నా రాకపోకలు చూస్తూనే ఉంది. ఆమెకు డెబ్భై రెండేళ్ళు. మోకాళ్ళు పట్టేసినప్పటి నుంచి తోటకు పోయి తొమ్మిదేళ్ళవుతోంది. ఒక పొద్దున నేను బండి బయటికి తీస్తుంటే అంది.

“నన్నొకసారి పైన తోటకు తీసకపో మే.”

సీటు ఎత్తులో ఉంది. తోటాయన ఒక నాపరాయి తెచ్చి మెట్టులా వేశాడు. నేను పైనుంచి చేతులు పట్టుకుంటే, ఆయన వెనక నిలబడి ఆసరా ఇచ్చాడు. దిగడానికీ కావాలని రాయిని తొట్టిలో వేసి, తను వెనక నడిచొస్తానన్నాడు. కూర్చున్నాక సీటు బెల్టు పెట్టబోతే వద్దంది. దొంగను కట్టేసినట్టు ఉందంది. వంక చూసినాక తనే అడిగి పెట్టించుకుంది.

ఇరవై రెండేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం గానీ, మా అత్త అంతసేపు మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. ఇంట్లో ఆమె మాటలన్నీ ఉప్పు, పాలు, కరెంటు. బండిలో కూర్చున్నాక ఒక్కో రాయికీ ఒక కథ ఉంది. ఇక్కడ మీ మామ తేలుకు దొరికినాడు, అక్కడ మొదటి చీనీ మొక్క ఎండిపోయింది. వంక దాటినాక దోవ పక్కన ఏనుగంత గుండు ఒకటుంది. దాన్ని చూసి మామూలుగా అంది.

“ఈ గుండు కాడే నీ మొగుడు పుట్టబోయినాడు.”

నేను బండి ఆపాను. “ఏందత్తా?”

“నెలలు నిండినాయి. మీ మామ పులివెందులకు పోయినాడు. నేను పాదులకు నీళ్ళు పోస్తాంటి. నొప్పులు మొదులైనాయి. ఈడ ఎవురుండారు? ఎద్దుల్ని నేనే కట్టినా. ఇంతదూరం వచ్చినాక ఎడమెద్దు మొండికేసింది.”

“ఆ నొప్పుల్లో బండి తోలినావా?”

“తోలక? కూసోని ఏడిస్తే ఇల్లొస్తాదా?”

బండి ముందుకు పోనిచ్చాను. పైన చదునుగా ఉన్న చోటికి చేరినాక ఆమె స్టీరింగు వైపు చూసింది.

“ఎద్దులకంటే సులువుగానే ఉండాదే. నాకియ్యి.”

వద్దనడానికి నోరు తెరిచాను. ఆ గుండు కథ విన్నాక వద్దని ఎట్లా అనేది? ఇద్దరం సీట్లు మారడానికే చాలాసేపు పట్టింది. కుడికాలితోనే రెండూ నొక్కాలి, ఎడమకాలికి పనిలేదని చెప్పాను.

“ఎడమ మోకాలే శానా నొప్పి. మంచిదాయె” అంది.

అవసరమైతే ఆపేద్దామని నేను తాళంచెవి మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. బండి ఒక్కసారి ఎగిరినట్టయి, తర్వాత నడిచే మనిషి వేగంతో పోయింది. ఆమె ముందుకు వంగి, రెండు చేతులతో స్టీరింగును ఎద్దుల పగ్గాల్లా పట్టుకుంది. చెట్ల వరస దగ్గరపడేసరికి “హో... హో...” అంటూ కాలు తీసేసింది. ఆ బండి కాలు తీస్తే తనంతట తానే నెమ్మదిస్తుంది. అలాగే నెమ్మదించి ఆగింది.

“చూస్తివా, మాట ఇంటాంది” అంది మా అత్త.

ఆమెకు ఆ సంగతి విడమరచి చెప్పలేదు. మూడు చుట్లు తిప్పింది. నాలుగో చుట్టులో బ్రేకు కూడా వాడింది. అప్పుడు తనే ఒకచోట ఆపి, చెయ్యి చూపించింది. మూడు చెట్ల ఆకులు పాలిపోయి ఉన్నాయి. నేను ఎరువు తక్కువైందనుకుని వారంగా ఎరువు వేయిస్తూనే ఉన్నాను.

“మొదుళ్ళు చూడప్పా” అంది తోటాయనతో. ఆయన మట్టి తీసి చూస్తే మూడింటికీ బెరడు చీలి బంక కారుతోంది.

“నీళ్ళ పైపులు మొదులుకు ఆనించి పెట్టినారే. మొదుట్లో నీళ్ళు నిలబడితే చీనీ బతకదు. దూరంగా జరపండి.”

ఆ పూటే పైపులు జరపడం మొదలుపెట్టాము. బెరడు గీకి మందు పూశాము. ఒక చెట్టు పోయింది, రెండు మళ్ళీ చిగురేశాయి.

ఆ ఆదివారం మా ఆయన ఎర్రగుంట్ల నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం వేసి ఉంది. తోటాయన చర్చికి పోయాడు కాబట్టి అడగడానికీ ఎవరూ లేరు. నేరుగా తోటకు నడిచి వచ్చాడు. చెట్ల మధ్యనుంచి వాళ్ళమ్మ, నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, బండి తోలుకుంటూ ఎదురొచ్చింది. ఆయన దోవకు అడ్డంగా నిలబడిపోయాడు. ఆమె ఆయనకు నాలుగడుగుల దూరంలో బ్రేకు వేసింది.

“అమ్మ చేతికి ఎవురిచ్చినారు?” అన్నాడు నాతో.

“నేనే.”

“బోల్తా పడితే?”

మా అత్త నన్ను మాట్లాడనివ్వలేదు. “నిన్ను కడుపులో పెట్టుకోని ఇంతకన్నా చెడ్డదోవలో తోలినా. ఎక్కురా.”

నేను దిగాను. ఆయన నా సీట్లో కూర్చుని ఇనపకడ్డీని రెండు చేతులతో పట్టుకున్నాడు. “బెల్టు పెట్టుకో” అంది వాళ్ళమ్మ. పెట్టుకున్నాడు. ఇద్దరూ పోయారు. నేను చెట్టునీడలో కూర్చుని ఒక కాయ ఒలుచుకుని తిన్నాను. ఇంకో కాయ కూడా తిన్నాను. అరగంటకు తిరిగొచ్చారు. మా ఆయన మొహమంతా ఎర్రదుమ్ము, కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి.

“నువ్వేం తోలలేదా?” అని అడిగాను.

“అడిగినా. ఇయ్యలేదు” అన్నాడు. మొహం తుడుచుకుంటూ, “యాభై ఏండ్లకు చెప్పింది నాకు, ఆ గుండు సంగతి” అన్నాడు. మా అత్త అప్పటికే నాపరాయి ఎక్కడుందని వెతుక్కుంటోంది, దిగడానికి.

అప్పటి నుంచి ఆమె వారానికి రెండుమూడు సార్లు తోటకొస్తుంది. పైపులు ఎంతవరకు జరిపారో చూస్తుంది, కూలోళ్ళతో కబుర్లాడుతుంది, మిట్ట ఎక్కేది నన్ను తోలమని, చదును రాగానే సీటు అడుగుతుంది. మొన్న బుధవారం నాకు ఆరోగ్యం బాగాలేక ఇంట్లో పడుకున్నాను. మధ్యాహ్నం మా ఆయన డ్యూటీలోంచి ఫోను చేశాడు.

“అమ్మ ఏం చేస్తాంది?”

“తోటకు పోయింది.”

“ఎవురు తీసకపోయినారు?”

“తోటాయనతో పోయింది.”

“పోనీలే. ఆయప్ప నిదానంగా తోలుతాడు.”

“ఆయప్ప పక్క సీట్లో కూసున్నాడు” అన్నాను.