గుమ్మంలో కుర్చీ

సిగరెట్ ముట్టని మనిషికి గుండెజబ్బేమిటని డాక్టరుగారి మీద కాస్త గట్టిగానే అరిచాను. స్టెంటు వేశాక మొదటిసారి చూపించుకోవడానికి వెళ్లినప్పటి మాట. ఆయన కోప్పడలేదు.

"మీరు తాగకపోయినా రోడ్డు మీది పొగ ఊరుకోదుగా. రోజంతా ఎక్కడ కూర్చుంటారండీ?"

విజయవాడలో సిగ్నల్ పక్కనే మా బట్టల కొట్టు. మంగళగిరి చీరలు అమ్ముతాం. బస్సులూ ఆటోలూ ఆగేది మా ఎదురుగానే, నా కుర్చీ ఉండేది గుమ్మంలోనే. ఆ సన్నటి మసి ఊపిరితిత్తులతో ఆగదట, రక్తంలోకి దిగి గుండె నాళాలను పాడుచేస్తుందట. లోపలికి జరగండి, అద్దాల తలుపు పెట్టించండి అన్నారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

అద్దాల తలుపు చూస్తే రేట్లెక్కువనుకుని మా కొట్టు మెట్టెక్కేవాళ్లే ఉండరు. ఎక్కినవాళ్లు మాత్రం ట్యూబులైటు కింద రంగు నమ్ముతారా? చీర పట్టుకుని గుమ్మంలోకి నడుస్తారు, వెలుతుర్లో అటూ ఇటూ తిప్పి చూస్తారు. "ఇది నీలమా, నలుపా?" అని అడిగినప్పుడు పక్కన మనిషుండాలి. బేరం కుదిరేది అక్కడే.

మాస్కు పెట్టుకున్నాను. "ఏంటండీ, వినపడట్లా" అన్నప్పుడల్లా కిందికి లాగేవాణ్ణి. మధ్యాహ్నానికి అది గడ్డానికి కాపలా కాసేది. రెడ్‌లైటు పడితే చాలు, ఇంజన్లన్నీ నా ముందుకొచ్చి నిలబడి గుర్రుమనేవి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కొట్టు మూస్తే తిండి లేదు, తెరిస్తే ఊపిరి లేదు. చచ్చేంత భయం వేసేది, పైకి అనలేకపోయేవాణ్ణి.

ఓ రాత్రి భవానీపురంలో ఇంటికెళ్లాక, నేను ముక్కు తుడుచుకుంటే నల్లబడ్డ రుమాలు మా ఆవిడ చూసింది. మర్నాడు కొట్టుకొచ్చి నా కుర్చీలో కూర్చుంది.

"మీరు లోపలికి పదండి. రంగులు నాకూ తెలుసు."

"మరి ఇంట్లో పని?"

"అయింది. ముందు మీరు కదలండి."

కదిలాను. నిజం చెప్పొద్దూ, హాయిగా అనిపించింది. వెనక గదిలో ఫ్యాను కింద చీరలు మడతపెట్టే పని. కొన్నాళ్లకు ఛాతీలో బరువు తగ్గింది. డాక్టరుగారు మెచ్చుకున్నారు. బేరాలు కూడా నాకంటే ఆవిడకే బాగా కుదురుతున్నాయి, ఆ మాట ఆవిడతో అనలేదనుకోండి.

మొన్న మధ్యాహ్నం లోపల్నుంచి చూస్తున్నాను. సిగ్నల్ పడింది. పాత లారీ ఒకటి గుమ్మం ముందాగి నల్లటి పొగ వదిలింది. మా ఆవిడ చేతిలో చీరను చప్పున వీపు వెనక దాచింది, మసి అంటకుండా. మొహం మాత్రం తిప్పుకోలేదు, ఎదురుగా కొనే ఆవిడ నిలబడి ఉంది. దగ్గొస్తే మింగేసింది.

నా ప్రాణం ఉసూరుమంది. కొనే ఆవిడ వెళ్లగానే గుమ్మంలోకి వచ్చాను.

"లే, నేను కూర్చుంటా."

"మీకు జబ్బు వచ్చేసిందండీ," అంది చీర మడతపెడుతూ. "నాకింకా రాలేదుగా."