గుండప్పకు లామినేషన్

ఒక ఏనుగును అర నిమిషంలో అప్పడం చేసిన ఘనత ఈ భూప్రపంచంలో నాకొక్కదానికే దక్కింది. నవ్వండి, పర్వాలేదు.

ఫిల్మ్‌నగర్‌లోని ఓ యానిమేషన్ స్టూడియోలో నేను కొత్తగా చేరిన రోజులవి. కంప్యూటర్లు రాకముందు పిల్లల కార్టూన్లకు రంగులు వేసిన రాజ్యలక్ష్మి గారు మాకు మెళకువలు నేర్పడానికి వచ్చేవారు. ఒకనాడు ఆవిడ తన దగ్గర మిగిలిన ఒకే ఒక్క సెల్ తెచ్చి నా చేతిలో పెట్టారు. సెల్ అంటే ఫోను కాదండోయ్! అద్దంలాంటి పల్చటి ప్లాస్టిక్ షీటు మీద చేత్తో రంగులద్దిన బొమ్మ. అందులో గుండప్ప అనే ఏనుగు తొండమెత్తి నవ్వుతున్నాడు.

"సాయంత్రం దాకా జాగ్రత్తగా ఉంచమ్మా, గోడకి పెట్టిద్దాం," అన్నారావిడ.

జాగ్రత్త! ఆ మాట నాతో అనకూడదు. పాలు పొంగుతాయేమోనని స్టవ్వే వెలిగించని రకం నేను. మధ్యాహ్నం భోజనం మానేసి షేక్‌పేటలో జిరాక్స్ షాపుకు పరిగెత్తాను.

"అన్నా, దీన్ని లామినేషన్ చెయ్యి."

షాపతను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది ఉన్నదే ప్లాస్టిక్ గద మేడమ్. మల్ల ప్లాస్టిక్ ఎందుకు? వేడికి ఖరాబైతది."

"చెయ్యన్నా! దుమ్ము పడకూడదు."

"మీ ఇష్టం. తర్వాత నన్ననొద్దు."

మెషీన్ గుండప్పను మెల్లగా మింగింది. అవతలివైపు వచ్చింది ఏనుగు కాదు, వానలో తడిసిన వడియం. ఒక కన్ను బొడ్డు దగ్గరికి జారింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నా వైద్యానికి తొండమే జంతికలా చుట్టుకుపోయింది.

"చెప్పిన గద మేడమ్," అని షాపతను జాలిగా ఫ్యాను నావైపు తిప్పాడు.

సాయంత్రం బొమ్మను రాజ్యలక్ష్మి గారి ముందు పెట్టాను.

"ఎవరమ్మా ఇతను?" అన్నారావిడ.

"మన గుండప్పేనండీ... లామినేషన్ చేయించాను."

ఆవిడ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. ఆ ముడతను వేలితో ఒకసారి నిమిరారు.

"'రాజ్యం, నీ ఏనుగు మొహంలో చలనం లేదు' అని అప్పట్లో మా డైరెక్టరు గారు రోజూ తిట్టేవారు," అన్నారు చివరికి. "ఇది చూసుంటే నా ఉద్యోగం తీసి నీకిచ్చేసేవారు!"

స్టూడియో అంతా గొల్లుమంది. నేను మాత్రం అప్పుడు ఏడ్చాను. ఆవిడ కొత్త షీటు తెప్పించి, నిదానంగా గీతలు గీసి, రంగుగిన్నె నా ముందుకు తోశారు. "ఏడుపాపి చెవులకి బూడిదరంగు వెయ్యి. గీత దాటితే ఊరుకోను."

ఇప్పుడు గోడ మీద ఇద్దరు గుండప్పలున్నారు. వచ్చినవాళ్ళంతా నేను అప్పడం చేసినవాడి ముందే ఆగుతారు.

పెద్దమ్మ తల్లి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నా ఆధార్ కార్డు నాలుగు ముక్కలైనా సరే, జిరాక్స్ షాపున్న వీధిలో అడుగుపెట్టను. అందుకే ఇంటి నుంచి ఆఫీసుకు పది నిమిషాల దారైనా, రోజూ టోలిచౌకి మీదుగా గంటసేపు చుట్టుతిరిగి వెళుతున్నాను.