కొండవ్వ కొలిచిన అడవి

చిన్నకోడూరు దాటాక కనిపించే ఆ గుట్ట మీది అడవికి కంచె లేదు, కొండవ్వ నోరుంది. వన సంరక్షణ సమితిలో ఆమె చేరినప్పటి నుంచి గొడ్డలి పట్టుకుని గుట్టెక్కినవాళ్లు తక్కువ. ఎక్కిన ఒకరిద్దరి గొడ్డళ్లు ఆమె ఇంటి అటక మీద తుప్పు పడుతున్నాయి. "చెట్ల మీదున్న పావురంల, గా పేమల సగం నా మీదుంటె రెండు పూటల ఉడుకు బువ్వ దొరుకుతుండె" అని భర్త రాజమల్లయ్య ఎగతాళి చేస్తాడు. కల్లు గీసే మనిషి. పొద్దున్నే నలుగురినీ నవ్వించకపోతే ఆయనకు తోచదు.

ఒకప్పుడు ఊరంతా పొయ్యిలకు నరుక్కుపోగా మోళ్లు మాత్రం మిగిలిన గుట్ట అది. ఆ మోళ్ల నుంచే టేకు, మద్ది పిలకలు లేచాయి, ఒక్కో మోడుకు నాలుగైదు. వాటిలో ఒక్కటి విరగకుండా కాసింది కొండవ్వ. పిల్లలు లేక చెట్లనే పిల్లలనుకుందని పొరుగూరి వాళ్లు కథలల్లుతారు. ఉత్తమాట. ఇద్దరు కూతుళ్లు సిద్దిపేటలో కాపురాలు చేసుకుంటున్నారు. "ఆడదానివి, నీతోని ఏమైతది" అని ఎవరో అన్నందుకు, పంతం కొద్దీ కాసింది.

పోయిన ఏడాది ఎండాకాలం మొదట్లో అటవీశాఖ బీట్ ఆఫీసర్ భవాని వచ్చింది. వయసు చిన్నదే గాని పనిలో గట్టి పిల్ల.

"చెట్లు ఎంత ఒత్తుగున్నయో కొలవాలె అవ్వా. గుట్టంత లెక్కవెట్టలేం గద. గాడగాడ గుండ్రం గీసి, అండ్లున్నయి లెక్కవెడ్తం. దాన్నివట్టి గుట్టంతది తెలుస్తది" అని చెప్పింది. మేకు దిగ్గొట్టి, దానికి తాడు కట్టి చుట్టూ తిరిగితే గుండ్రం వస్తుంది. లోపల మణికట్టు కంటే లావున్న ప్రతి కాండాన్నీ లెక్కపెట్టాలి, ఛాతీ ఎత్తులో టేపు చుట్టి లావు రాయాలి. ఎక్కడ గీయాలన్నది మన ఇష్టం కాదు. చీట్లు తీసినట్టు పటం మీద జాగలు తీసి, సున్నం పూసిన మేకులు భవాని ముందే దిగ్గొట్టింది. తీరా కొలిచే రోజున పక్క బీట్‌లో మంటలంటుకున్నాయని ఫోను వస్తే, పని సమితి ఆడవాళ్లకు అప్పజెప్పి పరుగెత్తింది.

మొదటి గుండ్రాలు బాగానే సాగాయి. తర్వాతి మేకు దక్షిణపు వాలు మీద బండల మధ్య కనిపించింది. చుట్టూ ఒక గిడసబారిన మోదుగు తప్ప ఏమీ లేదు. కొండవ్వకు తల కొట్టేసినట్టయింది.

"ఇంటికి సుట్టాలొస్తె ముందలి అర్ర సూపెడ్తమా, పెంటకుప్ప సూపెడ్తమా?" అంది.

మిగతా వాళ్లూ నిజమే నిజమే అన్నారు. మేకు పీకి, ఉత్తరం వైపు పగలే చీకటిగా ఉండే టేకుల్లో పాతారు. వాలు మీద ఉన్న మేకులన్నిటికీ అదే గతి పట్టింది. మోసం చేస్తున్నామని ఒక్కరికీ తోచలేదు. గుట్ట పరువు నిలబెడుతున్నామనుకున్నారు.

పరువు నిలబడింది, అడవికే ముప్పు వచ్చింది. భవాని మీటింగు పెట్టి లెక్క తేల్చి చెప్పింది. "గుట్టంత మస్తు ఒత్తుగుంది. వానలు వడని ఏడు ఉన్న నీళ్లు అన్నిటికి సాలయి. నిప్పంటుకుంటె ఒక్కటి మిగలది. మోడుకొక పిలక ఉంచి, తతిమ్మావి కొట్టాలె. గుట్టంత."

"నా పానం పోయినా గొడ్డలి ఎక్కనియ్య!" కొండవ్వ లేచింది.

భవాని ఆమె చెయ్యి పట్టుకుని టేకుల్లోకి తీసుకుపోయింది. కింద గడ్డిపోచ లేదు. కర్రల్లాంటి పిలకలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి, సగం వాటి కొసలు ఎండిపోయాయి.

"మక్క ఒత్తుగేస్తె కంకి వడ్తదా అవ్వా?"

కొండవ్వ మక్కలు వేసిన మనిషే. జవాబు తెలుసు కాబట్టే ఒళ్లు మండింది. మేకలు ఆ వైపు మొహం పెట్టడం ఎప్పుడో మానేశాయని కూడా తెలుసు.

సరే, ఇక్కడ కొట్టనీ. మరి వాలు? అక్కడ ఉన్నదే నాలుగు కర్రలు. అవీ పోతే రెండు వానలకు మట్టి కొట్టుకుపోయి బండ మిగులుతుంది. నోరు మూసుకుంటే వాలు పోతుంది. నోరు తెరిస్తే ఇన్నేళ్ల పేరు పోతుంది. కొండవ్వ ఇంటికొచ్చి కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిల్లాడింది. బువ్వ ముట్టలేదు. చివరికి మొగుడికి చెప్పుకుని ఏడ్చింది.

రాజమల్లయ్య మొదటిసారి నవ్వలేదు. "పేరుదేముందే, మల్ల తెచ్చుకుంటవ్. నీ నోరు యాడికి పోయింది? గుట్ట మీది మట్టి పోతె నువ్వు తెస్తవా, నేను తెస్తనా?" అన్నాడు.

పిలకలు కొట్టడానికి ఊరు ఊరంతా గుట్ట కింద గుమిగూడిన పొద్దున కొండవ్వ అడ్డంగా నిలబడింది. "ఆగుండ్రి. మనం రాసిచ్చింది దొంగలెక్క. వాలు మీది మేకులు పీకింది నేనే."

భవాని మొహం మాడిపోయింది. "పలచగనే ఉండెగదా అనుకున్న. మీ లెక్క సూసి నా కండ్లదే తప్పనుకున్న. కాగితం పైకి పంపిన. నా నౌకరి మీదికి తెచ్చినవ్ గదవ్వా!"

"తిట్టు బిడ్డా, కడుపునిండ తిట్టు. తిట్టినంక మల్ల కొలుద్దం."

భవాని పై అధికారికి ఫోను చేసి చీవాట్లు తింది. ఆ కేకలు పక్కనున్నవాళ్లకూ వినపడ్డాయి. ఫోను పెట్టేసి కళ్లు తుడుచుకుని, టేపు తనే అందుకుంది.

కొత్త లెక్కతో వాలు మీదికి గొడ్డలి పోలేదు. మేకలనూ ఆపి, తొలకరికి కానుగ, సీతాఫలం గింజలు వేశారు. ఉత్తరం వైపు ప్రతి మోడు దగ్గరా ఏ పిలక ఉండాలో కొండవ్వే చూపించింది. మొదటి పిలక కూలినప్పుడు ఆమె మొహం తిప్పుకుంది. సాయంత్రానికి "గది గాదు, పక్కది" అని గొడ్డలి పట్టినవాడిని తిడుతోంది. ఊళ్లో 'మేకుల కొండవ్వ' అన్న పేరు పడనే పడింది. ఎదురుగా అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

వానలు వెళ్లేసరికి టేకుల్లో మోకాలెత్తు గడ్డి లేచింది. ఆడవాళ్లు మోపులు మోపులు కోసుకుపోయారు. ఉంచిన పిలకలు లావెక్కడం కంటికే తెలుస్తోంది.

ఈ ఏడాది మళ్లీ కొలిచారు. చీటీ మళ్లీ వాలు మీద పడింది. కొండవ్వే మేకు దిగ్గొట్టి, తాడు పట్టుకుని చుట్టూ తిరిగింది. లోపల బండల సందుల్లో కానుగ మొక్కలు, సీతాఫలం మొక్కలు జానెడెత్తున నిలబడ్డాయి. వేలంత లావైనా లేవు. ఆమె వాటిని తొక్కకుండా ఒక్కొక్కదాని పక్కన వంగి చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

భవానికి మనసు కరిగింది. "ఇన్ని లేసినయి గదవ్వా. రెండన్న రాద్దునా?"

"మణికట్టు లావన్నవ్ గద?"

"అవును."

"గట్లయితె సున్నా రాయి బిడ్డా" అంది కొండవ్వ, గుట్టంతా వినపడేటట్టు.