జాకీ దిగి సముద్రం చూసొచ్చిన జీపు

ఒక జీపుకు సముద్రస్నానం చేయించిన ఘనుణ్ణి మీరు ఇంతవరకు చూసి ఉండకపోతే, ఇదిగో, ఇప్పుడు చదువుతున్నారు. అది పుణ్యకాలమూ కాదు, ఆ జీపు మాదీ కాదు. పైగా అది స్నానానికి దిగేటప్పుడు డ్రైవరు సీట్లో మా మావగారు ఉన్నారు. ఇంత ఘోరం నా చేతుల మీదుగా ఎలా జరిగిందో చెబుతాను. మధ్యమధ్య నేను కాస్త గర్వపడితే ఓర్చుకోండి. కారణం లేకుండా పడను.

తొంభైల చివరి మాట. అప్పట్లో నేను స్టీల్ ప్లాంటు స్టోర్సులో పనిచేసేవాణ్ణి. పెళ్లిలో చదివింపులు రాసుకునేవాడికి అందరి పేర్లూ తెలుస్తాయి గానీ ఒక్కరూ చుట్టం కారు. నాకూ యంత్రాలకూ సరిగ్గా అదే బంధుత్వం. కానీ మా మావగారు ఎల్లాజీకి ఈ తేడా తెలియదు. పొద్దస్తమానం ఇనుము మధ్య తిరిగే అల్లుడికి ఇనుము మనసు తెలియకుండా ఉంటుందా అని ఆయన ధీమా. కొత్త అల్లుణ్ణి కదా, ఆ ధీమాను చెడగొట్టడం మర్యాద కాదని నేనూ ఊరుకున్నాను.

మావది భీమిలి వైపు ఒక మత్స్యకారుల పల్లె. సొంత పడవలున్న మనిషి. ఆయన కష్టాలు సముద్రంలో కాదు, ఒడ్డున ఉండేవి. పడవ ఆగే చోటికీ తారురోడ్డుకీ మధ్య బోలెడంత ఇసుక. చేపలకోసం వచ్చే వ్యాన్లు రోడ్డు మీదే నిలబడి హారన్ కొట్టేవి. ధైర్యం చేసి దిగినవి అక్కడే కూరుకుపోయి, ఊళ్లోవాళ్ల చేత తోయించుకునేవి. కాబట్టి చేపలన్నీ ఆడవాళ్ల నెత్తిమీదే రోడ్డెక్కాలి. అందరికంటే ముందు మా అత్త అప్పలమ్మ నడిచేది. ఆ ఇసుకలో నడిచి నడిచి ఆవిడ మోకాళ్లు పాత తలుపు బందుల్లా కిర్రుమంటుండేవి.

ఒకరోజు సాయంత్రం ఆవిడ ఖాళీ బుట్ట తెచ్చి మావ ముందు ధన్‌మని పడేసింది.

"కొంటే పడవకాడికొచ్చే బండి కొను. నేకపోతే రేపట్నుంచి ఈ బుట్ట నువ్వు మొయ్యి. నాను పడవెక్కుతాను."

మావ నా వైపు చూశారు. భోజనం చేస్తున్నవాణ్ణి చేస్తున్నట్టే ఉంటే ఈ కథ ఉండేది కాదు. చేపముల్లు తీసి పక్కన పెట్టి, గొంతు సవరించుకుని అన్నాను:

"లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉన్న బండి చూడాలి మావా."

మా బావమరిది పోలరాజు మెల్లగా అడిగాడు. "అంటే ఏటి బావా? జొరం బిళ్లా?"

ఆ పేరు నేను ఒక విదేశీ కేటలాగులో చదివాను. అదృష్టవశాత్తూ పక్కన నాలుగు ముక్కల వివరణ కూడా ఉంది. దాన్నే విప్పి చెప్పాను. మామూలు బండిలో ఒక వెనక చక్రం ఇసుకలో జారి ఊరికే తిరుగుతుంటే, ఇంజను బలమంతా ఆ తిరిగేదానికే పోతుంది. గట్టినేల మీదున్న రెండో చక్రం చేతులు కట్టుకుని చూస్తూ నిలబడుతుంది. ఈ ఏర్పాటు ఉన్న బండిలో అలా కాదు. ఒకటి జారినా రెండోదానికి బలం అంది, బండి బయటపడుతుంది.

"ఒక తెడ్డు గాల్లో తేలిపోతే రెండో తెడ్డు నీటిని అట్టుకున్నట్టన్నమాట," అన్నారు మావ.

"సరిగ్గా అదే మావా!"

"సూసేవేటే, మన అల్లుడు!" అన్నారాయన అత్తతో. ఆ ఒక్క మాటతో నా ఛాతీ చొక్కా గుండీలను పరీక్షించింది. బండికి స్లిప్ లిమిటెడ్‌గా ఉండాలని చెప్పినవాణ్ణి, నా నోటికి ఆ సదుపాయం లేదని గ్రహించలేదు.

వారం తిరక్కుండా ఖాదర్ భాయ్ జీపు వేసుకుని వచ్చాడు. పట్నంలోని పాత ఊళ్లో తాళ్లు, వలలు అమ్మే వ్యాపారి. మావకు చిరకాల స్నేహితుడు. ఆ జీపును ఎవరో కాంట్రాక్టరు దగ్గర కొన్నాడట. ఇప్పుడు అమ్మేద్దామనుకుంటున్నాడు. ధర మావతో ముందే అనుకున్నారు, బండి నచ్చడమే మిగిలింది. ఊరి రామాలయం ముందున్న గట్టినేల మీద, ఇసుక వాలు మొదలయ్యేచోట, ముక్కు సముద్రం వైపు పెట్టి ఆపాడు.

"భాయ్, దీనికి లిమిటెడ్ స్లిప్ ఉందా?" అడిగాను, పెళ్లిచూపుల్లో పిల్లకు పాటొచ్చా అని అడిగినంత దర్జాగా.

"ఉందని చెప్పే నాకు అంటగట్టారు భాయ్. ఉందో లేదో పైవాడికి తెలుసు. నేను ఎప్పుడూ తారు దిగలేదు. అబద్ధం చెప్పి అమ్మను, మీరే చూసుకోండి."

మావ నన్ను చూశారు. అత్త నన్ను చూసింది. ఇసుకలో ఎండుచేపలు తిరగేస్తున్న ఆడవాళ్లు, వలలు బాగుచేస్తున్న మగవాళ్లు కూడా పని ఆపి చూశారు.

అసలు పద్ధతి నాకు తెలుసు. రెండు జాకీలతో వెనక చక్రాలు రెండూ పైకెత్తాలి. ఇంజను ఆపి, గేరు తీసి, ఒక చక్రాన్ని చేత్తో తిప్పాలి. రెండోది కూడా అదే వైపు తిరిగితే ఉన్నట్టు. ఎదురు తిరిగితే లేనట్టు. పిల్లాడైనా చేస్తాడు. కానీ అక్కడ జాకీ ఒక్కటే ఉంది.

"రెండోది కొట్లో ఉంది. పోయి తెస్తా," అన్నాడు ఖాదర్ భాయ్.

"అక్కర్లేదు భాయ్!" అన్నాను. ఇంతమంది చూస్తుండగా జాకీ కోసం ఎదురుచూడటం నా హోదాకు తగదనిపించింది. "ఒక్క చక్రం ఎత్తి, ఇంజను వేసి, మొదటి గేరులో క్లచ్చి వదిలితే తెలిసిపోతుంది. ఏర్పాటు లేకపోతే గాల్లో చక్రం గిర్రున తిరుగుతుంది, బండి కదలదు."

వినడానికి ఎంత బాగుందో చూడండి. శాస్త్రప్రకారం ఒక్క అక్షరం తప్పు లేదు. అయితే పాఠకులారా, 'లేకపోతే' ఏమవుతుందో అంత వివరంగా చెప్పిన మేధావి, 'ఉంటే' ఏమవుతుందో ఆలోచించలేదు. ఇంత పాత జీపుకు అంత భాగ్యం ఎక్కడిదని మనసులో ముందే తీర్పు రాసేసుకున్నాను.

పోలరాజు రెండు బండరాళ్లు మోసుకొచ్చాడు. "ముందు సక్రాలకి ఎట్టేదా బావా?"

"కదలని బండికి రాళ్లెందుకురా?" అని నవ్వాను. అందరూ నవ్వారు. నాకది ఇప్పటికీ వినబడుతుంటుంది.

నేను వెనక చక్రం పక్కన కూర్చుని గమనించాలి కదా, మరి క్లచ్చి ఎవరు వదలాలి? ఖాదర్ భాయ్ ముందుకొచ్చాడు. "అమ్మేవాడు ముట్టకూడదు భాయ్," అని వారించి, మావగారిని ఎక్కించాను. ఆయన అంతకుముందు స్టీరింగు పట్టుకున్న మనిషి కాదు. ఇంజను వేసి, ఆయన ఎడమ కాలితో క్లచ్చి తొక్కించి, గేరు నేనే మార్చి, వెనక్కి వచ్చి కూర్చున్నాను.

"మావా, కాలు మెల్లగా తియ్యండి!"

తీశారు.

గాల్లో ఉన్న చక్రం ఒక్కసారి కదిలింది. నేలమీదున్న చక్రం కూడా కదిలింది. జీపు జాకీని ఒక్క తన్ను తన్ని, కింద పడి, దులుపుకుని, నన్ను అక్కడే వదిలేసి ముందుకు నడిచింది.

"ఉంది! ఉంది!" అని అరిచాను ఆనందంతో. ఆ తర్వాత గుర్తొచ్చింది, లోపల మావ కూడా ఉన్నారని.

పడవ ఊగితే కాళ్లు అదిమిపట్టి నిలబడటం ఆయనకు చిన్నప్పటి అలవాటు. జీపు ఊగింది, ఆయన కుడికాలు అదిమారు. దాని కింద ఉన్నది యాక్సిలరేటరు. జీపు వాలు దిగి ఇసుకలో పడింది.

"మావా, కాలు తియ్యండి! కాలు తియ్యండి! ఒరేయ్ మావా, కాలు తియ్యి!" మర్యాద నా నోట్లోంచి ఎప్పుడు జారిపోయిందో నాకే తెలియదు.

"తీత్తే పడిపోతాను రా!"

ఎదురుగా ఎడమవైపు అత్త ఎండబెట్టిన నెత్తళ్ల చేపలు పరిచి ఉన్నాయి. "కుడికి తిప్పు మావా, కుడికి!" అని మొత్తుకున్నాను. పడవలో చుక్కాని కర్రను ఎడమకు తోస్తే పడవ కుడికి తిరుగుతుంది. జీవితమంతా చుక్కాని పట్టిన మనిషి, నా మాట మీద గౌరవంతో, స్టీరింగును భక్తిగా ఎడమకు తిప్పారు. జీపు ఎండుచేపల మధ్యనుంచి ఊరేగింది.

"ఓలమ్మో, నా నెత్తళ్లు!" అని అరిచింది అత్త.

"ఎడమకి మావా!" అన్నాను ఈసారి, తెలివి తెచ్చుకుని.

"ఇందాక కుడన్నావు, ఇప్పుడెడమంతన్నావు! ఏదో ఒకటి సెప్పు!" అని ఆయన తిప్పడమే మానేసి, పడవ మీద అలవాటైన ఆఖరి ఆజ్ఞ జారీ చేశారు. "లంగరెయ్యండ్రా!"

తండ్రి మాట జవదాటని పోలరాజు పక్కనున్న లంగరు తీసి, పరిగెత్తి, నిజంగానే జీపు వెనక సీట్లోకి విసిరాడు. తాడు రెండో కొస దేనికీ కట్టలేదు. జీపు లంగరును కూడా ఎక్కించుకుని, ఎన్నో వ్యాన్లు కూరుకుపోయిన ఆ ఇసుకను పెళ్లివారి కారులా దాటి, నీళ్లలోకి దిగింది.

కాళ్లకు చల్లగా తగిలేసరికి మావ గభాలున బయటికి దూకారు. ఒక అల వచ్చి బానెట్టు మీద చెయ్యేసింది. ఇంజను ఒక్క దగ్గు దగ్గి ఊరుకుంది.

అందరం పరిగెత్తుకెళ్లాం. ఖాదర్ భాయ్ నన్ను కొడతాడనుకున్నాను. ఆయన నన్ను చూడనేలేదు. వెనక్కి తిరిగి, ఇసుక మీద వాలు నుంచి నీళ్లదాకా పడిన చక్రాల జాడలను చూస్తున్నాడు. ఎక్కడా ఆగిన గుర్తు లేదు, తవ్విన గుంట లేదు. ఆయన కళ్లు చెమర్చాయి.

"యా అల్లా! ఇంత మంచి బండా నాది? నేనమ్మను!"

చూశారా నా పరీక్ష ఎంత నమ్మదగినదో! కొనేవాళ్లను నమ్మించబోయి అమ్మేవాణ్ణి నమ్మించాను. అత్త నా వైపు ఒక్క చూపు చూసి, మోకాళ్లు పట్టుకుని ఇసుకలో కూలబడింది. తిడితే బాగుండేది.

మావ మాత్రం తడి పంచె పిండుకుని, పడవ అంచున కూర్చుని, చుట్ట అడిగి వెలిగించారు.

"సరే భాయ్. అమ్మొద్దు. నీ బండి నువ్వట్టుకెల్లిపో."

ఖాదర్ భాయ్ ఎక్కి తాళం తిప్పాడు. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ తిప్పాడు. ఇంకో అల వచ్చింది, ముందుదానికంటే పెద్దది.

"పోటెక్కుతందిరా," అన్నారు మావ ఆకాశంతో.

"భాయ్, తాడేసి లాగించండి భాయ్!"

"మా బండయితే లాగుతాం. పరాయోళ్ల సొమ్ము మీద సెయ్యేత్తే తప్పు కదేటి?"

ఊరి మగవాళ్లందరూ ఒక్కసారిగా తమ వలల్లో చిక్కులు చూసుకోవడం మొదలుపెట్టారు. ఖాదర్ భాయ్ మావను చూశాడు, అలను చూశాడు, ఆపుకోలేక నవ్వేశాడు.

"ఎల్లాజీ, నువ్వు సముద్రంతో కలిసి బేరమాడుతున్నావు! తీసుకో, ఇందాక అనుకున్న మాటే మాట. లాగించు!"

పెద్దవల లాగినట్టు పాట పాడుతూ ఊరు ఊరంతా తాడు పట్టుకుంది. నేనూ పట్టుకున్నాను. మావ మాత్రం మళ్లీ స్టీరింగు ముందు కూర్చున్నారు. ఇంజను ఆగిపోయిన బండిలో ఆయన నిజంగా బాగా నడిపారు.

మెకానిక్కు ఉప్పు కడిగి ఇచ్చిన మర్నాటి తెల్లవారే జీపు పడవ పక్కకు వెళ్లి నిలబడింది, ఈలోగా తోలడం నేర్చుకున్న పోలరాజు తోలుతుండగా. అత్త ముందు సీట్లో కూర్చుని, చేపలు వెనక ఎక్కుతుంటే కాలు మీద కాలు వేసుకుంది. "నా నెత్తళ్లు పోతే పోయేయి గానీ, అల్లుడు మంచి బండే సూసేడు," అంది. స్టోర్సులో నాకు ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా నేను అంత పొంగిపోలేదు.

ఆ వార్త తీరం వెంబడి పాకింది. నెల తిరక్కుండా పక్క పల్లె పెద్దాయన ఒకడు ఓ పాత వ్యాను బేరం పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. పరీక్ష చేయాలట. నేను గొంతు సవరించుకుని, చొక్కా సర్దుకుని, ఏ చక్రం ఎత్తాలో చెప్పబోతుంటే ఆయన చెయ్యి అడ్డంపెట్టాడు.

"జాకీ మాకాడుంది బాబూ. నీకు శ్రమెందుకు? మీ మావనో పూట అంపు, సాలు."

అందుకని, చదువరుల సాక్షిగా, జాకీ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ బండికైనా ఆ ఏర్పాటు ఉందో లేదో చూడాల్సి వస్తే రెండు చక్రాలూ ఎత్తుతాను, ఇంజను ఆపుతాను, ముందు రాళ్లు పెడతాను, పిల్లనిచ్చిన మావను దూరంగా కూర్చోబెడతాను. అయితే ఆ రోజు నేను చేసిన పరీక్ష తప్పని ఎవరైనా అంటే మాత్రం ఊరుకోను. జవాబు కరెక్టే వచ్చింది. కాస్త దూరం వెళ్లి తెచ్చుకోవలసి వచ్చింది, అంతే.