అమ్మ పాట నేనెత్తిన రోజు

మా ఊరి చర్చిలో పాట మొదలుపెట్టరు, ఎత్తుతారు. ముందు చాప మీద కూర్చున్న ఒక ఆడమనిషి పల్లవి ఎత్తుతుంది. వెనకున్న ఆడవాళ్ళు అందుకుంటారు, ఆ తర్వాత మగవాళ్ళు. ఏ శ్రుతిలో ఎత్తాలన్నది ఆమె ఇష్టం. ఆమె ఎంత పైన ఎత్తితే అందరూ అక్కడికి ఎక్కాల్సిందే. పక్కనుంచి ఇంకొకరు సర్దకూడదు, మధ్యలో ఆపకూడదు. కరెంటు పోయినా, రేకుల మీద వాన పడి ఎవరి గొంతు వాళ్ళకే వినపడకపోయినా, ఎత్తిన పాట ఆఖరి చరణం దాకా వెళ్ళాలి. ఈ నియమం ఎవరు పెట్టారో తెలీదు. అసలు నియమాలంటే నాకు పడదు. ఇదొక్కటి మాత్రం చిన్నప్పటినుంచీ ఇష్టం. ఎందుకంటే మా చర్చిలో పాట ఎత్తేది మా అమ్మ.

మైకులు లేని రోజుల్లో అమ్మ ఎత్తిన పాట కొబ్బరితోటలు దాటి జీడితోటల దాకా వినపడేదని అంటారు. కొంచెం అతిశయోక్తే అయినా నేను ఖండించను. పంట ఇంటికొచ్చాక చర్చిలో చేసే కోతల పండుగకని ప్రత్యేకంగా ఒక పాట ఉంది మాకు, విత్తనం గురించి. ఏడాదికి ఒక్కసారే పాడతారు. పల్లవి నేలమీదుంటుంది, చరణానికి చరణానికి పైకి పోతుంది. అమ్మ తప్ప ఎవరూ ఎత్తగా నేను వినలేదు.

మా ఉద్దానంలో ఇంటింటికీ ఉన్న కిడ్నీ జబ్బు గురించి ఈ ప్రాంతం వాళ్ళకు నేను చెప్పేదేముంది. అమ్మకీ వచ్చింది. తమ్ముడు ఆటోలో పలాస తీసుకెళ్ళి డయాలసిస్ చేయించి తెస్తాడు. నీళ్ళు కొలిచి తాగాలి. ఎండిన గొంతు, నాలుగు మాటలకే ఆయాసం. అందుకని ఈసారి కోతల పండుగకు పాట తన భార్య ఎత్తుతుందని తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు.

నాకు ఒళ్ళు మండింది. నా మరదలు మందస పిల్ల. పుట్టిల్లు రామభజనల ఇల్లు. మా పాటలన్నీ పెళ్ళయ్యాక నేర్చుకుంది. పైగా కీబోర్డు వాయిస్తుంది. ఆ కీబోర్డులో ఒక బటన్ నొక్కితే డప్పులూ చప్పట్లూ వాటంతటవే వస్తాయి. ప్రార్థనకు వచ్చామా, పెళ్ళి ఊరేగింపుకు వచ్చామా అని నేను పోయిన క్రిస్మస్‌కే అడిగాను, అందరూ వినేలా.

ఫోన్ తనకి ఇమ్మన్నాను.

“బటన్ నొక్కి పాడతావా అమ్మ పాట?”

“బటన్ నొక్కనులే వదినా. నువ్వొచ్చి కూకో, సాలు.”

“నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళు ఎత్తే పాట కాదది. నేను ఎత్తుతాను.”

 “నువ్వా వదినా?” అంది.

ఆ ‘నువ్వా’లో ఏముందో నాకు అప్పుడే అర్థమవ్వాల్సింది. టెక్కలిలో ఉంటూ అక్కడి జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెప్పేదాన్ని కదా, అందులో నాకు నా హక్కు మాత్రమే వినపడింది.

చర్చి అయ్యగారికి ఫోన్ చేశాను. ఆయన నాతో వాదనకు దిగడు. “మీ ఇంటి విషయం కదమ్మా, మీ అమ్మగారినే అడగండి” అన్నాడు. అడిగాను. “అమ్మా, ఈసారి నీ పాట నేనెత్తుతాను, సరేనా?” అంటే అమ్మ “ఊఁ” అంది. ఆ ఊఁని కోర్టు ఆర్డరులా అందరికీ చూపించాను.

పండుగనాడు చర్చి ముస్తాబు చూడాలి. గుమ్మానికి కొబ్బరి మట్టలు, ప్రార్థన బల్ల ముందు వరి కంకులు, గెలలు గెలలుగా కొబ్బరికాయలు, గుమ్మడికాయలు, ఆనపకాయలు, కాళ్ళు కట్టిన నాటుకోడి ఒకటి. బయట జీడిపూత వాసన. ప్రార్థన అయ్యాక ఇవన్నీ వేలం వేస్తారు, ఆ తర్వాత భోజనాలు. బయట కొబ్బరిచెట్టుకు స్పీకర్ కట్టారు. లోపల ఎవరు దగ్గినా బస్సు ఆగే చోట టీ తాగేవాళ్ళకు తెలుస్తుంది.

ముందు చాప మీద అమ్మ చోట కూర్చున్నాను. అమ్మ పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో, సూదులు గుచ్చే చెయ్యి పైటకింద దాచుకుని. మరదలు కీబోర్డు ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అయ్యగారు మైకు నా చేతికిచ్చాడు.

నేను ఇంట్లో సాధన చేయలేదని ఎవరూ అనుకోవద్దు. చేశాను. స్నానాల గదిలో బాగానే వచ్చింది. కానీ మైకు చేతిలోకి రాగానే, అంతమంది ముందు నోరు తెరవగానే, నాకు అలవాటైన ఎత్తు ఒక్కటే వచ్చింది. క్లాసులో వెనక బెంచీల వాళ్ళమీద అరిచే ఎత్తు. గొడవపడేటప్పటి ఎత్తు. పల్లవే అక్కడ పట్టాను.

ఆడవాళ్ళు అందుకున్నారు. అందుకోక ఏం చేస్తారు? మొదటి చరణానికి మెడనరాలు తేలాయి. రెండో చరణంలో మగవాళ్ళు ఒక్కొక్కరే జారిపోయి, మళ్ళీ సిగ్గుపడి ఎక్కి, మళ్ళీ జారారు. నా గొంతు ఎక్కడో పగిలి రెండయింది. ఆ రెండూ స్పీకర్లోంచి ఊరిమీదకు వెళ్ళాయి. ఒక్కరూ నావైపు చూడలేదు. చర్చి చర్చంతా గుమ్మడికాయల్ని చూస్తోంది. నాతో సమానంగా అరిచింది ఆ నాటుకోడి ఒక్కటే.

ఆపేయొచ్చు కదా అంటారేమో. ఎత్తిన పాట ఆపకూడదు. ఏ నియమానికీ తలవంచని దాన్ని, ఆవేళ ఆ ఒక్క నియమాన్నే పట్టుకుని వేలాడాను. మూడో చరణం ఇంకా పైన. నోరు తెరిచాను.

అమ్మ కుర్చీచేతిని అరచేత్తో కొట్టింది.

“దించీ తల్లీ, దించీ. ఆల్ల పేనాలు పోతన్నాయి.”

మైకు ఆ మాట కూడా పట్టింది.

మా చర్చిలో ఎత్తిన పాట మధ్యలో దించడం అదే మొదలు. దింపించింది అమ్మ.  చెవులు, మెడ, వీపు, అన్నీ మండుతున్నాయి నాకు. మైకు ఎక్కడ పెట్టాలో తెలీక ఒళ్ళో పెట్టుకున్నాను.

“కోడలా, నువ్వెత్తు” అంది అమ్మ.

మరదలు కీబోర్డు ముట్టుకోలేదు. ఎత్తింది. ఎంత కిందనుంచంటే, ఇది ఆ పాటేనా అని ఒక్క క్షణం తలెత్తి చూశాను. పల్లవి రెండో పాదానికి ఇంకో గొంతు కలిసింది. సన్నగా, మధ్యమధ్య తెగిపోతూ. అమ్మది. ఊపిరి లేనిచోట అమ్మ ఆగితే మరదలు ఆ మాటను కాస్త సాగదీసి నిలబెట్టింది, అమ్మ మళ్ళీ వచ్చి కలిసింది. వెనక ఆడవాళ్ళు తడుముకోకుండా ఆ కింది శ్రుతినే అందుకున్నారు. అంత తేలిగ్గా అందుకున్నారంటే ఇది వాళ్ళకు కొత్త కాదు. ఎన్నో ఆదివారాలుగా పాటలన్నీ అలాగే, అమ్మకు అందే ఎత్తులో పాడుతున్నారన్నమాట. అందరికీ తెలుసు. టెక్కలిలో కూర్చుని హక్కుల గురించి మాట్లాడే నాకే తెలీదు.

నేను పెదాలు ఆడించాను. గొంతు రాలేదు.

తర్వాత జరిగింది ఇంకా కష్టం. అందరూ మంచిగా మాట్లాడారు. “మైకు సరిగ్గా లేదమ్మా” అని ఒకామె. “బాగానే పాడినావు, అలవాటు తప్పిపోనాది గాని” అని ఇంకొకామె. వాళ్ళ మొహాల్లో దయకంటే ముందు ఒక జాగ్రత్త కనిపించింది. ఎక్కడ తగులుతుందో తెలీని ముళ్ళకంపను తప్పుకుని నడిచేటప్పటి జాగ్రత్త. నా నోటికి భయపడుతున్నారు. అంత సిగ్గు నేను పాట చెడినప్పుడు కూడా పడలేదు.

మావయ్య ఒక్కడే నయం. అమ్మ తమ్ముడు, ఏటా వేలం ఆయనే వేస్తాడు. నాటుకోడిని రెక్కలు పట్టి పైకెత్తి, “ఇది మామూలు కోడి కాదురా బావూ! ఇందాక మా మేనకోడలుకి వంత పాడింది ఇదే! కూరొండుకుంటారో, పాటలు నేర్పుకుంటారో మీ ఇష్టం!” అన్నాడు. అప్పటిదాకా బిగబట్టుకున్న నవ్వు చర్చి వాకిలంతా పగిలింది. మరదలు కొంగు నోట్లో కుక్కుకుంది. నేనూ నవ్వాను, నవ్వొచ్చి కాదు.

సాయంత్రం ఇంటి అరుగు మీద అమ్మ పక్కన చేరాను. క్షమించమని అడుగుదామనే వెళ్ళాను. నోరు తెరిస్తే మాత్రం గొడవే వచ్చింది.

“ముందే చెప్పొచ్చు కదా! నేను అడిగినప్పుడు ఊఁ ఎందుకన్నావు?”

అమ్మ కాసేపు ఊపిరి కూడదీసుకుంది. “నీతోటి వాదించాలంటే ఊపిరి కావాల కదే. ఉన్న కూసింత పాటకి దాసుకున్నాను.”

మరదలు కొలిచిన నీళ్ళు గ్లాసులో తెచ్చి అమ్మ చేతికిచ్చింది. “మాకు ఊపిరున్నా సాల్లేదులే వదినా” అంది, లోపలికి వెళ్ళిపోతూ.

నా నాలిక మీదకు వెంటనే మూడు జవాబులు వచ్చాయి. నిజంగానే వచ్చాయి, అప్పటిక్కూడా. ఏదీ బయటికి రానివ్వలేదు. ఆ నీళ్ళు అమ్మ ఒక్కో గుక్కా నోట్లో నిలుపుకుని తాగడం చూస్తూ కూర్చున్నాను.

గ్లాసు కింద పెట్టి అమ్మే అడిగింది. “వచ్చే ఆదివారం వత్తావేటి?”

“వస్తాను.”

“వత్తే ఎనక సాప మీద కూకో. ఉత్తినే పెదాలాడించకు, నాను సూసినాను. అందుకో.”