ఇమ్మానియేలు మాస్టారి పికిలిపిట్ట, మందారం

ఇమ్మానియేలు మాస్టారికి ఉన్నది ఒకటే జబ్బు. కంటపడిన ప్రతి ప్రాణీ, మొక్కా సైన్సులో ఏ కుటుంబానిదో చెప్పాలి, అది అంతరించిపోయే ప్రమాదంలో ఉందో లేదో తేల్చాలి. దర్శి దగ్గర మా హైస్కూల్లో ఆయన సైన్సు, నేను తెలుగు.

పత్తి చేను పురుగు పాలైందని రైతు పిచ్చయ్య వాపోతే, "పత్తిది మాల్వేసి కుటుంబం. బెండ, మందారం దాని చుట్టాలే. ప్రమాదమేం లేదు," అన్నారు.

"దానికి లేదేమో, నాకుంది మాస్టారూ!" అన్నాడు పిచ్చయ్య.

మిరప, వంకాయ, పొగాకు ఒకే కుటుంబమని భోజనాల దగ్గర చెప్పబోతే, "అయితే ఈ పూటకి చుట్టల కూర వండనా?" అంది ఆయన భార్య ఎలీసమ్మ.

ఎనభై నాలుగు మార్చిలో మర్నాడే ఇన్‌స్పెక్షన్ అని కబురొచ్చింది. ఇన్‌స్పెక్టరు గారి జీపు తిరగడానికి అడ్డమని ఆఫీసు ముందున్న మందారం పొదను కొట్టేయమన్నారు హెడ్మాస్టరు అంకమ్మరావు గారు. దాన్ని పెంచింది మా ఆయా వీరమ్మ. భర్త పోయాక ఆమె మనుషులతో మాటలు తగ్గించేసింది. ఆ పొదలో గూడు పెట్టిన పికిలిపిట్టతో మాత్రం అన్నం తింటూ కబుర్లాడేది. కత్తి రాగానే బకెట్ పట్టుకుని కొయ్యబారిపోయింది.

మాస్టారు అడ్డం వెళ్లారు. "సార్! ఇది పక్షి, పాసరిఫార్మిస్ క్రమం. అది మొక్క, మాల్వేసి. ఎక్కడా సంబంధం లేదు. కానీ రెండూ ప్రమాదంలో ఉన్నాయి!"

అంకమ్మరావు గారు అదిరిపడ్డారు. "కొట్టేస్తే కేసవుతుందా ఏంటండీ?"

"నేను చెప్పాల్సింది చెప్పాను సార్."

కత్తి వెనక్కి వెళ్లిపోయింది.

"అబద్ధమాడారేంటండీ? పికిలిపిట్టలు ఊరంతా ఉన్నాయిగా!" అన్నాను చాటుగా.

"ఊళ్లోవాటి సంగతి నేను చెప్పలేదుగా. కత్తి దీని మీదికొచ్చింది, దీనికే ప్రమాదం." గొంతు తగ్గించారు. "పిట్ట పోతే ఆవిడ ఎవరితో మాట్లాడుద్దండీ?"

మర్నాడు ఇన్‌స్పెక్టరు గారు జీపును గేటు దగ్గరే వదిలి ఎండలో నడిచి వచ్చారు. "ఈ పొదేంటయ్యా అడ్డంగా?"

"పాసరిఫార్మిస్, మాల్వేసి అండీ!" అన్నారు హెడ్మాస్టరు అటెన్షన్‌లో నిలబడి. "చాలా ప్రమాదం అండీ!"

ఇన్‌స్పెక్టరు గారు భయపడి రెండడుగులు వెనక్కి వేశారు. "కరుస్తుందా?"

వీరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని స్టాఫ్ రూంలోకి పరిగెత్తింది. ఆ నవ్వు ఆపడానికి మేం మంచినీళ్లు తాగించాల్సి వచ్చింది.