ఇంతకన్నా పోని బండి

"జర జోరుగ పో. పూలు వాడిపోతున్నయి."

"ఇంతకన్నా పోదే ఇది. దీని జాన్ గింతే."

మా ఆయనకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి బంతిపూల మూటతో వస్తూ, వెనక కూర్చుని నేను అన్నాను, ముందు కూర్చుని ఆయన జవాబిచ్చాడు. శాలిబండలో మా ఇంటికి చేరి, మూట దింపి, గడపలో కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. పోయేవాళ్లు ఆఖరున ఎన్నో మంచి మాటలు చెబుతారట. మా ఆయన స్కూటర్ సంగతి చెప్పి పోయాడు. ఆ ఒక్క మాట పట్టుకుని పోలీసుల మీదికి పోయి, వాళ్లంతా చేతిలో చాయ్ చల్లారిపోతున్నా నన్నే చూస్తూ నిలబడేలా చేసుకున్నాను. ఆ ఘనకార్యం చెబుతాను, వినండి. నేను చెబుతుంటే మా తమ్ముడి భార్య సునీత రాస్తోంది. నవ్వకుండా రాయమన్నాను. మొదలుపెట్టకముందే నవ్వుతోంది.

ముందు ఆ బండి చరిత్ర. కొన్న కొత్తలో ఒకరోజు మా సందు మలుపులో నా కొంగు వెనక చక్రంలో చుట్టుకుంది. బండి ఒకవైపు, నేను ఒకవైపు, పూలు అన్నివైపులా పడ్డాం. నా తలకు కుట్లు పడ్డాయి. ఆసుపత్రి నుంచి వచ్చి మళ్లీ బండెక్కితే, అది నిండు గర్భిణిలా ఒక్కో అడుగు చూసుకుంటూ నడుస్తోంది.

"ఏమైంది దీనికి?" అన్నాను.

"గప్పుడు పడ్డప్పుడే ఇంజన్ ఖరాబైంది. ఇగ గింతే," అన్నాడు మా ఆయన.

స్పీడు చూపించే ముల్లు కూడా అప్పటి నుంచి సున్నా దగ్గరే నిద్రపోయింది. సాక్ష్యం కళ్ల ముందే ఉంటే నమ్మక ఏం చేస్తాను? ఏ పెళ్లికి పోయినా మేము చేరేసరికి విస్తళ్లు ఎత్తుతుండేవాళ్లు. సైకిళ్ల మీద పోయే ముసలివాళ్లు మమ్మల్ని దాటి, జాలిగా వెనక్కి తిరిగి చూసేవాళ్లు. నేను ఆయన వీపు మీద వేలితో పొడుస్తూనే ఉండేదాన్ని. ఆయన అదే మాట చెబుతూనే ఉండేవాడు. మా కాపురమంతా ఆ మాట మీదే మెల్లగా నడిచింది.

ఆయన పోయాక పూలు తెచ్చేవాళ్లు లేరు. దండలు కట్టి అమ్మితేనే నాకు పూట గడిచేది. మా తమ్ముడు జల్‌పల్లిలో ఇంకా ఇళ్లు లేని కొత్త కాలనీ రోడ్ల మీద నాకు బండి నేర్పి, లైసెన్సు కూడా తీయించాడు. అప్పటి నుంచి నేను బండెక్కితే చాలు, హ్యాండిల్ చివరిదాకా తిప్పి పట్టుకునేదాన్ని. చావు నడక బండి కదా, పూర్తిగా తిప్పకపోతే మార్కెట్‌కు ఎప్పుడు చేరాలి?

కొంచెం జోరుగా పోతున్నట్టు అనిపించిన మాట నిజం. మా ఆయన నిండు మనిషి, ఆయన బరువు తగ్గింది కదా అనుకున్నాను. ముఖాన గాలి కొడుతుంటే, ముందు కూర్చున్నవాళ్లకు గాలి ఎక్కువే అనుకున్నాను. నేను వస్తుంటే ఆటోవాళ్లు, తోపుడుబండ్లవాళ్లు పక్కకు జరిగేవాళ్లు, ఒకసారి ఒక బర్రె కూడా జరిగింది. మొగుడు పోయిన మనిషినని ఊరంతా గౌరవం ఇస్తోందనుకుని, వాళ్లకు తల ఊపుతూ పోయేదాన్ని.

అట్లా ఉండగా మా ఆయన ఫోనుకు ఒక మెసేజు వచ్చింది. ఆయన లేకపోయినా ఆ ఫోనుకు నేనే ఛార్జింగు పెడుతుంటాను. సునీత చదివింది.

"వదినా, చలానా వచ్చింది. ఓవర్ స్పీడట. అరవై ఎనిమిది."

"ఎవరిది?"

"నీదే."

"ఆ బండిని గుట్ట మీదికెళ్లి నూకినా అరవై ఎనిమిది రాదు."

"ఫొటో గూడ ఉంది, చూడు."

చూశాను. కొంగు జెండాలా ఎగురుతోంది. వెనక బంతిపూల మూట. హెల్మెట్ కింద పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ నేను.

"ఇది నువ్వే గదా?" అంది సునీత.

"నేనే."

"మరింకేంది?"

"బండి మాదే, మనిషిని నేనే, పూలు నావే. స్పీడు నాది గాదు."

"కట్టేద్దాం వదినా. ఫోన్‌ల రెండు సార్లు నొక్కితే అయిపాయె. పోలీసోళ్లతోని లొల్లి మనకెందుకు?"

"కడితే ఒప్పుకున్నట్టేనా?"

"అంతే గదా."

"నేను ఒప్పుకుంటే మీ అన్న అబద్ధమాడినట్టే గదనే. ఆయన ఆఖరి మాట గది. దాన్ని అబద్ధం జేసొచ్చి, పొద్దుగాల ఆయన ఫొటోకు దండ ఏ మొకం పెట్టుకోని ఏస్త?"

సునీత ఫోను పక్కన పెట్టి, నాతో వస్తానంది. కరెంటాఫీసులో సగం రోజు సెలవు పెట్టింది, పాపం.

నాకు సాక్షి కావాలి. ఆ బండి పుట్టినప్పటి నుంచి దాని నాడి చూసేది మెకానిక్ సలీం భాయ్. దుకాణానికి పోయి విషయం చెబితే, ఆయన చేతిలో పానా జారి కాలి మీద పడింది.

"అరె భాభీ, ఛోడో నా. చలానా కట్టెయ్, బాత్ ఖతం," అన్నాడు.

"పోలీసులంటే భయమా భాయ్?"

"పోలీసులంటే కాదు భాభీ..."

"మరి లెవ్వు. బండి పోదని ఒక్క ముక్క చెప్పు, చాలు."

పెళ్లిచూపుల్లో పిల్లలా తల వంచుకుని వెంట వచ్చాడు. భయస్తుడే అనుకున్నాను.

ట్రాఫిక్ పోలీసుల ఆఫీసులో ఎస్సైగారు గోదావరి వైపు మనిషి. మాట చివర 'అండీ' లేకుండా దగ్గు కూడా రాదు ఆయనకు.

"బండి ఎవరి పేరు మీదుందండీ?"

"మా ఆయన పేరు మీద సార్."

"ఆయన పేరేంటండీ?"

నేను సునీత వైపు చూశాను. మొగుడి పేరు ఎన్నడూ నా నోట పలకలేదు, పోలీసులు అడిగారని పలుకుతానా? యాదగిరి అని సునీతే చెప్పింది.

"మరి ఈ ఫొటోలో ఉన్నది మీరేనాండీ?"

"నేనే. కెమెరా పక్కోని స్పీడు నాకు రాసింది సార్."

"మీ పక్కన ఎవరూ లేరు కదండీ ఇందులో."

"జోరుగ పోయిండు సార్. అందుకే ఫొటోల పడలే."

ఎస్సైగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నేను ఇంకా ధైర్యం తెచ్చుకున్నాను. "నమ్మకుంటే మీరే నడిపి చూడుండ్రి," అని తాళంచెవి బల్ల మీద పెట్టాను.

ఒక సన్నటి కానిస్టేబుల్ బండి తీశాడు. గేటు దాటిన చప్పుడు వినబడింది కానీ, బండి కనబడలేదు. తిరిగొచ్చి, "సార్, దీనికి మస్తు పికప్ ఉంది," అన్నాడు.

"ఈయన అగ్గిపుల్ల లెక్కున్నడు సార్," అన్నాను. "అగ్గిపుల్లను ఎక్కించుకుంటే ఏ బండైనా ఉరుకుతది. మా ఆయనసొంటి నిండు మనిషిని ఎక్కించుండ్రి."

ఆఫీసులో అందరి కళ్లూ ఒకేసారి హెడ్డు కానిస్టేబుల్‌గారి మీదికి పోయాయి. ఆయన టిఫిను డబ్బా మూసి, నిట్టూర్చి లేచాడు. ఆయన కూర్చోగానే బండి అయ్యో అంది. హమ్మయ్య అనుకున్నాను. మరుక్షణం అదీ లేదు, ఆయనా లేడు. తిరిగొచ్చినప్పుడు గాలికి కళ్లు కారుతున్నాయి.

"ఇంకా పోతది సార్. నాకే భయమైంది," అన్నాడు.

నాకు మిగిలింది సలీం భాయ్ ఒక్కడే. ఆయన ఫ్యాను వైపు చూస్తున్నాడు.

"చెప్పు భాయ్. ఇంజన్ ఖరాబైంది గదా?"

"భాభీ..." అని ఆగాడు. "ఇంజన్‌కు ఏం కాలే. ఎన్నడూ కాలే."

ఎవరూ చాయ్ తాగడం లేదు.

"నీ తలకు కుట్లు పడ్డ దినం యాదగిరి భాయ్ నా దుకాణంల కూసోని ఏడ్చిండు. బండి అమ్మేస్త అన్నడు. అమ్మితే పూలెట్ల తెస్తవన్న. జరసేపు సోచాయించి, ఆ ముల్లు తీగ పీకెయ్ భాయ్ అన్నడు. ముల్లు కనవడితే, ఇంకా జోరుగ పో అని నువ్వు లొల్లి పెడ్తవట. ఇంజన్ ఖరాబైందంటే నమ్ముతవట. ఎవ్వరికి చెప్పనని నాతోని వాదా తీస్కున్నడు."

నా చెయ్యి తల మీది కుట్ల మచ్చ దగ్గరికి పోయింది.

"ఆయన ఒక్కడే పోయేటప్పుడో?"

సలీం భాయ్ చెవి గోక్కున్నాడు. "ఒక్కడే ఉంటే... గాలి, భాభీ."

చూశారా? నేను దిగగానే రెక్కలు వచ్చేవన్నమాట. పెళ్లిళ్లలో తిననివ్వని విందులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. తిట్టాలంటే మనిషి లేడు. నవ్వు మొదలైంది, మధ్యలో ఎక్కడో దారి తప్పి ఏడుపైంది. హెడ్డుగారు తన మంచినీళ్ల సీసా ఇచ్చాడు.

"అమ్మగారూ, అభ్యంతరం రాసుకోమంటారా, కట్టేస్తారాండీ?" అన్నారు ఎస్సైగారు మెల్లగా.

"కడ్తా సార్. స్పీడు నాదే. అబద్ధం మా ఆయనది."

"దానికి చలానా లేదండీ."

బయటికి వచ్చాక సునీత వెనక ఎక్కింది. ఆఫీసు చీరలో ఉంది. కొంగు నడుముకు చెక్కుకోమన్నాను. బయలుదేరాం. కాసేపటికి వీపు మీద వేలు తగిలింది.

"జర జోరుగ పో వదినా. ఆఫీసుకు లేటయితుంది."

"ఇంతకన్నా పోదు పిల్లా ఇది. దీని జాన్ గింతే."

ఇద్దరు పోలీసులు ఆ బండి మీద ఎగిరి రావడం కళ్లారా చూసిన మనిషి. వేలు తీసేసి, కొంగు ఇంకో చుట్టు చుట్టుకుంది.

కాబట్టి నేను ఇందుమూలంగా ఒట్టు పెట్టి చెప్పేదేమంటే, మొగుడి మాట సాక్ష్యంగా పట్టుకుని ఈ జన్మలో మళ్లీ పోలీసుల దగ్గరికి పోను. ముల్లు బాగు చేయించాను. ఒక్కదాన్నే ఉంటే దాన్ని చూసుకుంటూ పద్ధతిగా పోతాను. వెనక ఎవరైనా కూర్చుంటే దాని మీద రుమాలు కప్పుతాను.

అయిందా సునీతా? ఏదీ, మొదటి నుంచి ఒకసారి చదివి వినిపించు. జోరుగ చదవకు.